లేని మనిషి చెయ్యి

కుట్టుమిషను గది నుంచి,
జూన్ మొదటివారం

పిచ్చుకా,

చేతిలో ఫోనుండగా ఉత్తరాలెందుకులే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు కలం పట్టడానికి కారణం ఆ ఫోనే. మీ అన్నయ్యకు స్పీకర్లో పెడితే తప్ప వినపడదు. స్పీకర్లో పెడితే పక్కింటివాళ్ళకూ వినపడుతుంది. నేను చెప్పాల్సిన మాట ఆయన చెవిన పడకూడదు. మా అమ్మాయి చెవిన అసలే పడకూడదు. పైగా నా గొంతు సంగతి నీకు తెలుసు. కష్టమైన మాట దగ్గరికి వచ్చేసరికి లోపలికి వెళ్ళిపోతుంది. కాగితం అయితే "ఆఁ? ఏంటీ?" అని మధ్యలో అడగదు.

నా ఎడమ మోచేతి మీద ఒక మచ్చ లేచింది. మందంగా, పొలుసులు పొలుసులుగా ఉంది. గోకితే పొట్టు రాలుతుంది. నడుం మీద ఇంకొకటి. చలికాలంలో మొదలైంది, ఎండాకాలం పోయినా పోలేదు. వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన బల్ల అవతలి నుంచే చూసి, "ఎర్రగా లేదుగా, తామర. అంటుకుంటుంది, టవల్ వేరే పెట్టుకోండి" అని ట్యూబు రాసిచ్చాడు. అప్పటినుంచీ ట్యూబులు మారుతున్నాయి గానీ మచ్చ మారడం లేదు.

పొడుగు చేతుల జాకెట్లు కుట్టుకుని వేసుకుంటున్నాను. "ఈ ఉక్కలో ఇదేం ఫ్యాషన్" అన్నారు మీ అన్నయ్య. "ఇప్పుడిదే ఫ్యాషన్" అన్నాను. దేవుడు క్షమించాలి.

మా అమ్మాయి పాప బాగుంది. కూర్చోవడం వచ్చింది. నాకు నడుం నొప్పిగా ఉండి చూసుకోలేనన్నానని అమ్మాయి దాన్ని క్రెష్‌లో వేసి ఆఫీసుకు వెళ్తోంది. ఆ సంగతి వేరు.

నువ్వు చర్మం డాక్టరువి. అందులోనూ రేపటి డాక్టర్లకు పాఠం చెప్పే డాక్టరువి. స్కూలుకు పంపేటప్పుడు నీకు రెండు జడలు వేసిన చెయ్యి ఇది. దీనికేమైందో నువ్వే చెప్పాలి.

మీ వదిన


కాలేజీ, మూడో అంతస్తు, నా గది
జూన్ మూడోవారం

వదినా,

నీ ఉత్తరం మా గుమాస్తా రెండు చేతులతో పట్టుకొచ్చి, "మేడమ్, కోర్టు నోటీసా?" అన్నాడు. చేతిరాత చూసి బెదిరిపోయాడు పాపం. మా వదిన అంటే, "ఇంకా ప్రమాదం" అని వెళ్ళిపోయాడు.

అన్నయ్య చెవిన పడకుండా నువ్వు చాలానే దాచావు. అన్నీ నా లెక్కల మార్కులే. అందుకని ఈ ఒక్కటీ నీ కోసం నేను దాస్తాను. కానీ ఎక్కువకాలం దాచను, ముందే చెబుతున్నా.

బల్ల అవతలి నుంచి చూసి చెప్పేది వైద్యం కాదు, జాతకం. అతన్ని నాలుగు దులపాలని ఉంది. కానీ నిజం చెప్పాలంటే తప్పు అతనొక్కడిదే కాదు. మేం చదువుకున్న పుస్తకాల్లో ఫోటోలు దాదాపు అన్నీ తెల్లటి చర్మం మీదివే. తెల్లటి చర్మం మీద వాపు వస్తే ఎర్రబడుతుంది. మేం 'ఎర్రటి మచ్చ' అని బట్టీ పట్టి పాసైపోయాం. నీలాంటి నల్లటి చర్మం మీద అదే జబ్బు ఊదారంగులోనో, బూడిదరంగులోనో, ముదురు గోధుమ రంగులోనో వస్తుంది. ఎరుపు కోసం వెతికేవాడికి అది ఎదురుగా ఉన్నా కనపడదు.

అందుకే ఈ ఏడాది ఒక పని నెత్తికెత్తుకున్నాను. ఏఐ ఏఐ అని అందరూ అంటున్నారే, దాంతో బొమ్మలు చేయిస్తున్నా. ఫలానా జబ్బు, ఫలానా ఛాయ, మోకాలు అని చెబితే బొమ్మ చేసిస్తుంది. చూస్తే ఫోటోలాగే ఉంటుంది, అందులో మనిషి మాత్రం లేడు. ఒకే జబ్బును తెలుపు దగ్గర్నుంచి నలుపు దాకా అన్ని ఛాయల్లోనూ వరసగా పెట్టి పిల్లలకు చూపిస్తున్నాను. రోగులెవరూ సిగ్గుపడక్కర్లేదు.

మొదట్లో అది నన్ను నానా తిప్పలూ పెట్టింది. నల్లటి చెయ్యి చెయ్యమంటే అరచేతిని కూడా నల్లగా చేసి పెట్టింది. మచ్చ చెయ్యమంటే లిప్‌స్టిక్ పులిమింది. అవన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. నేనూ ఇంకో ఇద్దరు డాక్టర్లూ అసలు రోగుల ఫోటోల పక్కన పెట్టి పోల్చి, ముగ్గురం ఒప్పుకున్నవే క్లాసుకు వెళ్తాయి.

సరే, నా సోది ఆపుతా. కిటికీ దగ్గర నిలబడి ఆ చేతికి ఒక ఫోటో తీసి పంపు. ట్యూబులు పూయడం ఆపెయ్.

నీ పిచ్చుక


కుట్టుమిషను గది నుంచి,
జూలై

పిచ్చుకా,

ట్యూబులు ఆపేశాను. ఫోటో మాత్రం అడగకు. పోయినసారి నేను ఆవలిస్తుంటే మీ అన్నయ్య ఫోటో తీసి బంధువులందరి గ్రూపులో పెట్టేశారు. మీ చిన్నాన్నగారు దానికి గులాబీపువ్వు కూడా పంపారు. ఫోనులోకి వెళ్ళింది ఎక్కడ తేలుతుందో మనకు తెలియదు.

అందుకని దారాలు పంపుతున్నాను. నా దగ్గర అన్ని రంగుల ఉండలూ ఉన్నాయి కదా. చేతి పక్కన పెట్టి కలిసేదాకా వెతికి, తుంపి, ఈ కాగితానికే గుచ్చాను. పైది నా చర్మం. మధ్యది మచ్చ. కిందది మచ్చ అంచు. పొట్టుకు తెల్లదారం చాలు, అది నీకు తెలిసిందే.

నీ పని గురించి చదివాక రెండు రోజులు మిషను సరిగా తొక్కలేకపోయాను. గర్వంగానూ ఉంది, కొంచెం భయంగానూ ఉంది. దేవుడు చెయ్యని మనిషిని కంప్యూటర్ చేసిందా? ఆ చెయ్యి ఉన్నావిడకు ముఖం ఉంటుందా? ఆమెకు దురద పుడుతుందా? నవ్వకు. ప్రార్థనలో కూర్చున్నప్పుడు ఇలాంటివే వస్తున్నాయి నాకు. వీలైతే ఒక బొమ్మ అచ్చు వేసి పంపు, చూస్తాను.

ఎవరైనా అడిగితే మా మరదలు డాక్టరు అని చెప్పడం అలవాటు. ఇప్పుడు ఇంకో ముక్క కలుపుతున్నాను. 'డాక్టర్లకు కళ్ళు అరువిచ్చే డాక్టరు' అని. బాగుందా?

మీ వదిన


కాలేజీ, నా గది
ఆగస్టు

వదినా,

నీ దారాలు కిటికీ దగ్గర పెట్టి చూశాను. నీ చర్మం అని గుచ్చిన దారం ఆకుపచ్చగా ఉంది! బల్లికి కూడా అంత పచ్చదనం ఉండదు తల్లీ. బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుని ట్యూబ్ లైటు కింద చూశావు కదూ? ట్యూబ్ లైటు కింద చూసి తప్పు రంగు దారం కలిపి ఇచ్చిన షాపువాణ్ణి నువ్వు ఎంత మెత్తగా, ఎంత సేపు చివాట్లు పెట్టావో నాకు గుర్తుంది. చివరికి అతనే చేతులు జోడించాడు. ఇప్పుడు నిన్ను ఎవరు తిట్టాలి?

నవ్వి నవ్వి కూర్చున్నాక నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఆ వారమే నేనూ నీలాంటి పనే చేసి దొరికిపోయాను. క్లాసులో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, చర్మం మెరుస్తుంటే ఈ జబ్బని గుర్తా?" అంది. అప్పుడు చూశాను. నా బొమ్మల్లో నల్లటి చర్మం ఉన్నవాళ్ళందరూ నూనె రాసుకుని వచ్చినట్టు మెరుస్తున్నారు! తెల్లటివాళ్ళు మాత్రం మామూలుగా ఉన్నారు. ఒకే రకం వెలుతురు పెట్టి చేస్తోంది అది. పిల్లలు జబ్బును వదిలేసి మెరుపును నేర్చుకుంటున్నారు. ఆ వరసంతా తీసేసి, రకరకాల వెలుతురులో, పొడి చర్మంతో మళ్ళీ మొదటినుంచీ చేయించాను. బతికిపోయాం.

ఇంకో సంగతి. మా విభాగం పెద్దాయనకు ఈ బొమ్మల పాఠం గిట్టదు. "బొమ్మల్ని చూసి వైద్యం నేర్చుకుంటే రేపు బొమ్మలకే వైద్యం చేస్తారు" అన్నాడు అందరి ముందూ. ఆయన చెడ్డవాడు కాదు వదినా, రోగిని చేత్తో ముట్టుకుని నేర్చుకున్న తరం. సెప్టెంబరు చివర ఆయనే పరీక్ష పెడతాడట. బొమ్మలు చూడని పాత క్లాసువాళ్ళనీ, చూసిన నా పిల్లలనీ కలిపి, నిజం మనుషుల ముందు నిలబెడతాడు. నన్ను లోపలికి రానివ్వడు. నా పిల్లలు చెప్పలేకపోతే బొమ్మలు మూలకు పోతాయి. నీలాంటివాళ్ళకు ట్యూబుల మీద ట్యూబులు రాసే డాక్టర్లు మళ్ళీ తయారవుతారు. నిద్ర పట్టడం లేదు.

అడిగావుగా, ఒక బొమ్మ అచ్చు వేసి పంపుతున్నా. ఆవిడకు ముఖం లేదు, దురదా లేదు. అదృష్టవంతురాలు.

నువ్వొకసారి రా. దారం చూసి మందు రాయడం నాకు చేతకాదు.

పిచ్చుక


కుట్టుమిషను గది నుంచి,
సెప్టెంబరు మొదట్లో

పిచ్చుకా,

బొమ్మ చేరింది. కవరు చించి బయటికి తీసి, వెంటనే బోర్లించేశాను. నా చెయ్యి నాకు తెలియకుండా ఎవరో ఫోటో తీశారనిపించింది. అదే మోచెయ్యి, అదే ఊదారంగు, అంచు దగ్గర అదే బూడిదరంగు. ఈసారి కిటికీ దగ్గరే చూశాను, తిట్టకు.

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆమెను కూడా కలుపుకున్నాను. లేని మనిషి కోసం అడిగితే దేవుడు ఏమంటాడో తెలియదు. నాకు మాత్రం తోడు దొరికినట్టయింది. ఇన్ని నెలలుగా ఈ మచ్చ లోకంలో నాకొక్కదానికే ఉందనుకుంటున్నాను.

తోడు దొరికింది కాబట్టి అసలు మాట చెబుతున్నాను. నాకు నడుం నొప్పి లేదు.

అంటుకుంటుందని డాక్టరు అన్న రోజునుంచీ పాపని ఎత్తుకోలేదు. అమ్మాయి పాపని తెచ్చి ఒళ్ళో పెట్టబోతే, "నడుం పట్టేసిందమ్మా" అని లేచి వెళ్ళిపోయాను. ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా అంతే. పాప చేతులు చాస్తుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొడతాను. పోయినవారం అమ్మాయి చెప్పులేసుకుంటూ, "నీకు ఇష్టం లేకపోతే చెప్పమ్మా, తీసుకురావడం మానేస్తా" అంది. దాని వెనక గేటు దాకా వెళ్ళాను గానీ మాట మాత్రం రాలేదు. ఈ వారం రాలేదు వాళ్ళు.

చెబితే అమ్మాయి భయపడుతుంది. పాపకు ఏ చిన్న దద్దురు వచ్చినా నావల్లే అనుకుంటుంది. అనుకోకపోయినా నేను అనుకుంటాను.

వస్తాను. గదిలో నువ్వొక్కదానివే ఉండాలి, తలుపు వేసి ఉండాలి. ఇంకెవరికీ చూపించను.

మీ వదిన


కాలేజీ
సెప్టెంబరు

వదినా,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదని పిల్లలకు రోజూ చెప్పేదాన్ని, నీకైనా చెప్పను. త్వరగా రా, అంతే.

వచ్చే గురువారం రా. పరీక్ష ఆరోజే. పొద్దున ఓపీలో తలుపు వేసి నిన్ను చూస్తాను. తర్వాత నాకు మెట్లెక్కి దిగడం తప్ప పనేమీ ఉండదు. నువ్వు వరండాలో ఉన్నావంటే నాకు ధైర్యం. చిన్నప్పుడు పరీక్ష హాలు బయట నిలబడేదానివి కదా, అలాగే.

అన్నయ్యకు నన్ను చూడ్డానికి వస్తున్నానని చెప్పు. అబద్ధం కాదు.

పిచ్చుక


ఇంటి నుంచి, ముందు గదిలో, అందరి మధ్యా కూర్చుని
అక్టోబరు

పిచ్చుకా,

బస్సు ఎక్కిస్తూ, "బొమ్మలు ఉంచమన్నారు వదినా, కానీ లోపల ఏం జరిగిందో ఒక్కరూ చెప్పరేం" అన్నావు. నాకు తెలుసు. గొంతు దాకా వచ్చింది, ఎప్పటిలాగే రాలేదు. ఇప్పుడు విను.

పొద్దున నువ్వు తలుపు వేసి, నా చెయ్యి నీ చేతుల్లోకి తీసుకున్నావు. వేళ్ళతో మచ్చంతా తడిమావు. "సోరియాసిస్. అంటదు వదినా, ఎవరికీ అంటదు. వెళ్ళి పాపని ఎత్తుకో" అన్నావు. నువ్వు బయటికి వెళ్ళాక నేను వరండా బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. అది నీకు తెలియని మొదటి ముక్క.

అప్పుడే పరీక్ష గదిలోంచి నర్సు వచ్చి గుమాస్తాతో అంటోంది. "పరీక్షకు రమ్మన్న సోరియాసిస్ ఆయన రాలేదు. ఆ నల్లటాయనే. పెద్దాయన, ఆయన్ని వదిలేసి మిగతావాళ్ళతో కానిచ్చేద్దామంటున్నారు." ఆ పేరు నాకు అప్పుడే వచ్చింది, ఇంకా నోట్లో కొత్తగానే ఉంది. నల్లటి మనిషి లేకుండా పరీక్ష జరిగితే నీ పని ఎవరికి తెలుస్తుంది? కళ్ళు మూసుకుని దేవుణ్ణి ఒక్కమాట అడిగాను. లేచి, "నేనున్నాను" అన్నాను.

"ఏంటమ్మా? వినపడలేదు" అంది నర్సు.

"నాకుంది. ఆ జబ్బు నాకుంది" అన్నాను. వరండా అంతా వినపడింది పిచ్చుకా. మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

పెద్దాయనకు ముందే చెప్పేశాను, పాఠం చెప్పే డాక్టరమ్మ నా మరదలని. కళ్ళజోడు పైనుంచి చూశాడు. "పిల్లలకు తెలుసా?" "తెలియదండీ." "అయితే కూర్చోండి. సైగలు మాత్రం చెయ్యకండి." నాకు సైగలు చెయ్యడానికి ఏం తెలుసు గనక!

నా చేతులతో నేనే జాకెట్టు చెయ్యి పైకి మడిచాను. ఇన్ని నెలలు కుట్టి దాచుకున్నది. ముందుగా పాత క్లాసు కుర్రాడు వచ్చాడు. అంత దూరంలో ఆగి, "తామర సార్" అన్నాడు. వీధి చివరి డాక్టరు పిల్లాడయి వచ్చినట్టుంది. తర్వాత నీ క్లాసు అబ్బాయి. బొమ్మలు చూసినవాడే. తెగ చెమటలు పోసి, ఇంకేదో పేరు చెప్పాడు, తప్పే. పెద్దాయన ఏదో రాసుకున్నాడు.

మూడో ఆవిడ సన్నటి అమ్మాయి. వస్తూనే, "అమ్మా, ముట్టుకోవచ్చా?" అంది. తలూపాను. "ఒక్కసారి కిటికీ దగ్గరికి వస్తారా?" అంది. తీసుకెళ్ళి, నర్సుతో ట్యూబ్ లైటు ఆర్పించింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సైగ అనుకుంటాడేమోనని పెద్దాయన వైపు చూడలేదు. ఆ అమ్మాయి తొడుగుల్లేకుండా, నువ్వు తడిమినట్టే తడిమింది. గోటితో మెల్లగా పొట్టు చూసింది. మోకాళ్ళ మీద ఉన్నాయా, తల్లో ఉన్నాయా అని అడిగింది. తర్వాత తిరిగి, "సోరియాసిస్ సార్" అంది.

"ఎర్రగా లేదుగా?" అన్నాడాయన.

"ఈ ఛాయ మీద ఎర్రగా రాదు సార్. ఊదాగా, బూడిదగా వస్తుంది."

"ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూశావు?"

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. "మనుషుల్లో ఈ అమ్మే మొదటావిడ సార్. బొమ్మల్లో చాలామందిని చూశాం."

తర్వాత వచ్చిన నీ పిల్లలు ఇంకా కొందరు సరిగ్గానే చెప్పారు. అందరూ వెళ్ళాక పెద్దాయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. నా చెయ్యి తీసుకుని చాలాసేపు చూశాడు. "మేం చదువుకునే రోజుల్లో ఇవి ఉండాల్సింది. ఎంతమందిని తిప్పి పంపానో" అన్నాడు. నాతో కాదు, చేతితో అన్నట్టు అన్నాడు. బయటికి వచ్చి నీకేమో, "బొమ్మ పక్కన అసలు మనిషి ఫోటో కూడా ఉండాలి, ఇది కంప్యూటర్ బొమ్మ అని కింద రాసుండాలి" అని గదమాయించాడు. లోపలి మాట నీకు చెప్పడు. అందుకే నేను చెబుతున్నాను. ఆయన ముఖాన ఎప్పుడూ అనకు.

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఎక్కడికెళ్ళొస్తున్నారని అడిగింది. మా మరదలి పరీక్ష అన్నాను. పాసైందా అంది. పెద్ద పరీక్షే పాసైంది అన్నాను. పొడుగు చేతులు మోచేతుల పైకి మడుచుకుని కూర్చున్నాను దారంతా.

బస్సు దిగి సరాసరి అమ్మాయి ఇంటికే వెళ్ళాను. గుమ్మంలోనే చెయ్యి చూపించి అంతా చెప్పేశాను. అది విని, "నడుం నొప్పన్నావు! ఇన్నాళ్ళూ నడుం నొప్పన్నావు కదమ్మా! ఆయుర్వేద నూనె కొనుక్కొచ్చింది నేను, రాయించుకున్నది నువ్వు!" అని అరిచింది. అరుస్తూనే లోపలికి వెళ్ళి, నిద్రపోతున్న పాపని అలాగే తెచ్చి నా ఒళ్ళో పడేసింది. బరువెక్కింది పిచ్చుకా. లేచి నా ముఖం చూసి, కాసేపటికి మోచేతి మీది మచ్చ మీద వేలు పెట్టి గీరడం మొదలుపెట్టింది. గీరనిచ్చాను.

మీ అన్నయ్యకూ చెప్పాను. "నాకు చెప్పకూడదా? స్పీకర్ ఆపేసేవాణ్ణిగా" అన్నారు. ఇప్పుడు మందు పూసే పని ఆయనే పెట్టుకున్నారు. గోడకు సున్నం వేసినట్టు వేస్తున్నారు, కొంచెం చాలని నువ్వైనా చెప్పు. పాప పగలంతా నా దగ్గరే ఉంటోంది. ఈ ఉత్తరం మీద ఆ మరక దానిదే.

నేను హైస్కూలుతో ఆపేశాను. నీ పుస్తకాలకు అట్టలు వేశానే గానీ లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఆరోజు ఆ కిటికీ దగ్గర, ఎవరి బిడ్డో నా చెయ్యి పట్టుకుని భయం లేకుండా జబ్బు పేరు చెబుతుంటే, నీ చదువంతా ఒక్కసారిగా చదివినట్టయింది. అంతకంటే గర్వం నాకు ఈ జన్మకు అక్కర్లేదు.

నువ్వు పంపిన బొమ్మ మిషను సొరుగులో ఉంది. ప్రార్థనలో ఆమెను ఇంకా వదలలేదు. లేకపోతేనేం, నాకు తోడుగా ముందు వచ్చింది ఆవిడే.

ఈ ఉత్తరాలన్నీ ఒకచోట దాచుకో, పచ్చదారాలతో సహా. ఎవరికీ చూపించకు. పిల్లలకు చూపించడానికి నీ దగ్గర లేని మనిషి చెయ్యి ఉంది. ఇవి ఉన్న మనిషి రాసినవి, నీ ఒక్కదాని దగ్గరే ఉండనీ.

మీ వదిన